అంగడి నుంచి అంగడి దాకా

పల్లె వీడియోలకు పుట్టినిల్లు లంబాడిపల్లె. గోదావరి దాటితే గుస్సాడీల అడవి. ఉత్తర తెలంగాణలో కెమెరా పట్టిన కుర్రాళ్ల వారం ఎట్లా గడుస్తోంది? ఏం తీస్తున్నారు, ఏం వదిలేస్తున్నారు?

కొండగట్టుకు మంగళ, శనివారాలు. వేములవాడకు ఆది, సోమవారాలు. ఇంద్రవెల్లి అంగడి సోమవారం. ఉత్తర తెలంగాణలో వీడియోలు తీసి బతికే కుర్రాళ్లకు వేరే క్యాలెండర్ అక్కర్లేదు, ఈ వరుస నోటికి వస్తే చాలు. ఏ రోజు ఏ దారిలో ఆటోల మోత ఉంటుంది, ఏ ఊళ్లో మనుషులు ఇంటిపట్టున దొరుకుతారు, ఎక్కడ పోచమ్మ బోనాల డప్పు మైకులో పడుతుంది... ఇవేవీ తెలుసుకోకుండా కెమెరా భుజాన వేసుకుని బయల్దేరినవాడు పొద్దుగూకేసరికి ఉత్త చేతులతో ఇల్లు చేరతాడు.

ఈ ముచ్చట మొదలైంది కొండగట్టు పక్కనే. పాత కరీంనగర్ జిల్లాలో, ఇప్పటి జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లె అని ఒక ఊరు. 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ అక్కడ ‘మై విలేజ్ షో’ పేరుతో యూట్యూబ్ చానల్ పెట్టాడు. అప్పటికి మన పల్లెల్లో ఫోన్‌లో వీడియో చూడాలంటే సెల్ షాపుకు పోయి మెమరీ కార్డు నింపించుకోవాలి. నెట్ బ్యాలెన్స్ వేసుకుని యూట్యూబ్ చూసేంత తీరిక, పైసలు ఎవరికున్నాయి? 2016 సెప్టెంబరులో జియో వచ్చాక లెక్క మారిపోయింది. పొలం గట్టు మీద, బీడీల చాట పక్కన, బస్టాండు అరుగు మీద ఫోన్లు మాట్లాడటం మొదలుపెట్టాయి. అప్పటికే నాలుగేళ్లుగా తీసుకుంటూ పోతున్న లంబాడిపల్లె వాళ్లకు జనం దొరికారు.

ఆ జనానికి గంగవ్వ దొరికింది. బీడీలు చుట్టిన చెయ్యి, కూలికి పోయిన కాళ్లు. చదువు లేదు. డైలాగు కాగితం మీద రాసిచ్చి లాభం లేదు కాబట్టి సందర్భం నోటితో చెప్పేవాళ్లు, మాట ఆమె అందుకునేది. ఆ అందుకోవడంలోనే ఉంది అంతా. రాసిన డైలాగును పలికే నటికి వాక్యం ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. గంగవ్వకు తెలియదు, అందుకే ఆమె తిట్టు తిట్టులాగే వినిపిస్తుంది, సాగదీత సాగదీతలాగే ఉంటుంది. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లోకి వెళ్లి, ఏసీ గదుల్లో పానం నిలవక మధ్యలోనే ఊరికి వచ్చేసింది. తర్వాత సొంతిల్లు కట్టుకుంది. ఆమెతో పాటు ఆ చానల్‌లో ఎదిగిన అనిల్ జీల 2025లో జీ5లో వచ్చిన ‘మోతెవరి లవ్‌స్టోరీ’ సిరీస్‌లో హీరో. ఊరి వీడియో నుంచి ఓటీటీ హీరో దాకా దారి పడిందన్నమాట.

లంబాడిపల్లె ఇచ్చిన అసలు కానుక కెమెరా పనితనం అని నేను అనుకోను. ఆ మాటకొస్తే మొదటి వీడియోల్లో పనితనం అంతంతే. అంతకుముందు తెలుగు తెర మీద మన యాసకు దొరికిన వేషాలు రెండు: నవ్వించేవాడు, లేకపోతే రౌడీ. హీరోయిన్ తండ్రి, కలెక్టరు, డాక్టరు, ప్రేమలో పడ్డ పిల్ల... వీళ్లెవరూ ‘గట్ల, గిట్ల’ అనరు. ఈ చానల్లో మాత్రం ఊరంతా ఒకే యాస మాట్లాడింది కాబట్టి ఆ యాసను చూసి నవ్వాల్సిన అవసరం పోయింది. మనిషిని చూసి నవ్వారు, మనిషిని చూసి ఏడ్చారు. 2023 మార్చిలో సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ వచ్చింది. చావు తర్వాత పిట్టకు ముద్ద పెట్టే కథ. ఊళ్లల్లో పంచాయతీ కాడ తెర కట్టుకుని జనం గుంపుగా కూర్చుని చూశారు, చూసి ఏడ్చారు. ఆ ప్రేక్షకుణ్ని అప్పటికే ఏళ్ల తరబడి ఫోన్ తెర తయారుచేసి పెట్టిందని నా నమ్మకం. సినిమావాళ్లు ఒప్పుకుంటారో లేదో వాళ్లిష్టం.

నాట్ల కాలంలో హీరో దొరకడు

బయట చూసేవాళ్లకు యూట్యూబ్ పని అంటే పది నిమిషాల వీడియో. అది తయారవడానికి ముందు వారం ఎట్లా నడుస్తుందో చూద్దాం.

ముందు ముచ్చట దొరకాలి. చాయ్ హోటల్, కటింగ్ షాపు, కల్లు మండువ... ఎక్కడ నలుగురు కూడితే అక్కడ ఒక కథ ఉంటుంది. దసరాకు వచ్చి కదలని అల్లుడు, దుబాయ్ నుంచి దిగిన కొడుకు పెట్టె చుట్టూ చేరిన చుట్టాలు, గెట్టు పంచాయితీ, సర్పంచ్ ఎలక్షన్, పెద్దమనుషుల జరిమానా. జగిత్యాల, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్ పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం, కాబట్టి ఎయిర్‌పోర్టు ఏడుపు మీద తీసిన వీడియో ఎప్పుడూ తప్పదు. షార్జాలో, దోహాలో క్యాంపు గదుల్లో మంచాల మీద పడుకుని ఈ వీడియోలు చూసేది కూడా వాళ్లే.

ముచ్చట దొరికాక మనుషులు దొరకాలి. ఇక్కడే ఉంది తిప్పలు. ఊరి వీడియోలో నటించేది ఊరివాళ్లే, వాళ్లకు వేరే పనులున్నాయి. నాట్ల కాలంలో అవ్వ పాత్ర వేసే మనిషి పొద్దున్నే పొలంలో ఉంటుంది. కోతలప్పుడు తాత పాత్రధారి వడ్ల కుప్ప దగ్గర కాపలా ఉంటాడు, తేమ తగ్గేదాకా, కాంటా అయ్యేదాకా కదలడు. బీడీ కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే రోజు ఆడవాళ్లెవరూ రారు. యాసంగికి, వానాకాలానికి మధ్య దొరికే సందులోనే నాలుగు వీడియోలు ముందుగా తీసి పెట్టుకోవాలి. సినిమాకు కాల్‌షీట్లు ఉంటే వీళ్లకు కాల్వ నీళ్లుంటాయి. నీళ్లు వదిలితే షూటింగ్ బంద్.

వెలుతురు పొద్దున తొమ్మిదింటి లోపు, సాయంత్రం నాలుగు తర్వాత. నడుమ ఎండకు మొహాలు మాడిపోతాయి. మే నెలలో అయితే ఆ పొద్దున వెలుతురు కూడా నిప్పే. ఇక శబ్దం సంగతి చెప్పాలంటే అదొక పురాణం. కాలర్ మైకు ఎంత మంచిదైనా చెరువు గట్టు గాలిని ఆపలేదు. అవ్వ ఏడుపు సీను సరిగ్గా కుదిరిందనుకున్నప్పుడే వాడలోకి పంచాయతీ చెత్తబండి పాట పెట్టుకుని వస్తుంది. దాని వెనక ట్రాక్టరు. దాని వెనక కోళ్ల పంచాయితీ. అందరూ ఆగి, చెత్తబండి మూల తిరిగేదాకా నిలబడి, మళ్లీ ఏడవాలి. రెండోసారి ఏడుపు మొదటిసారంత రాదు.

రాత్రి ఎడిటింగ్. కొంచెం నిలదొక్కుకున్నవాళ్లకు కంప్యూటర్ ఉంటుంది. మిగిలినవాళ్లకు ఫోన్, కైన్‌మాస్టర్, పక్కన చార్జర్. కరెంటు పోతే పని పోయినట్టే. వీడియో అయ్యాక తంబ్‌నెయిల్: నోరు తెరిచిన మొహం, పసుపు అక్షరాలు, ఎర్ర బాణం గుర్తు. బాణం చూపించే చోట ఏమీ ఉండదు. ఇది ఎవరు మొదలుపెట్టారో గానీ ఇప్పుడు అందరికీ అంటుకుంది, వదిలేలా లేదు.

పైసల మాట కూడా చెప్పుకోవాలి. చానల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రయిబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయం ఉంటేనే యూట్యూబ్ ప్రకటనల్లో వాటా ఇస్తుంది. షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూలు కావాలి. ఈ గడప దాటనివాళ్లే ఎక్కువ. దాటినా తెలుగు వీడియోకు వచ్చే ప్రకటన డబ్బు ఇంగ్లిషు వీడియోతో పోలిస్తే తక్కువే. అందుకని చాలామంది కడుపు నింపేది పెళ్లిళ్లు. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో మూడుముళ్ల మీద డ్రోన్ ఎగరేసి, ఆ డబ్బుతో ఆషాఢంలో కథలు తీస్తారు. కొత్తగా తెరిచిన బట్టల షాపు, మండి రెస్టారెంటు, సెల్ షాపు ప్రమోషన్లు నడుమ నడుమ వచ్చే బత్తెం.

పెళ్లి వీడియోను చిన్నచూపు చూడటానికి లేదు. 2021లో మంచిర్యాల జిల్లాలో ఒక బరాత్‌లో పెళ్లికూతురు మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాటకు పెళ్లికొడుకు ముందు ఆడింది. ఆ వీడియో దేశమంతా చుట్టొచ్చింది. ఆ తర్వాత ఏడాదంతా ఏ పెళ్లికి పోయినా అదే పాట, అదే ఆట. దర్శకుడు లేడు, స్క్రిప్టు లేదు. ఆ పిల్ల మొహంలో ఉన్న సంతోషం నిజం, అంతే. లక్షలు పెట్టి ప్రీ వెడ్డింగ్ షూట్లు చేయించే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

సెలవు రోజు కూడా డ్యూటీయే

కరీంనగర్‌లో ఆదివారం సాయంత్రం మానేరు డ్యాం కట్ట మీద నిలబడితే తెలుస్తుంది, ఊళ్లో ఎంతమంది దగ్గర గింబల్ ఉందో. కట్ట మీద మక్కకంకులు కాలుతుంటాయి, పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం ఏడుస్తుంటారు, నడుమ ఒక పిల్లగాడు నీళ్ల వైపు తిరిగి చేతులు చాపి నిలబడి ఉంటాడు, వాని దోస్తు చుట్టూ తిరుగుతూ తీస్తుంటాడు. 2023లో తీగల వంతెన తెరిచినంక రద్దీ సగం అటు మళ్లింది. సరదాగా పోవడం, లొకేషన్ చూసుకోవడం రెండూ ఒకటైపోయాయి వీళ్లకు. కుంటాల జలపాతం కూడా అంతే. నేరడిగొండ మండలంలో కడెం వాగు అంత ఎత్తు నుంచి దుంకుతుంటే చూస్తూ నిలబడటం మానేసి, అంచుకు పోయి సెల్ఫీ దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వానాకాలంలో అక్కడికి పోయేవాళ్లు హెచ్చరిక బోర్డులు చదివితే మంచిది.

నన్నడిగితే ఈ కుర్రాళ్లు సెలవు పూట పోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల దారి పట్టి గంగాధర మండలం కుర్క్యాల దగ్గర ఆగండి. బొమ్మలమ్మ గుట్ట. పైన బండ మీద జైన విగ్రహాలు, చక్రేశ్వరి, కింద అక్షరాలు. పదో శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం అది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో. అందులోని తెలుగు కంద పద్యాలు ఇప్పటికి దొరికినవాటిలో అత్యంత పాతవని పండితులు చెబుతారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిన సందర్భంలో ఈ బండ పేరు మళ్లీ మళ్లీ వినిపించింది. నన్నయ భారతం కంటే ఓ వంద ఏళ్ల ముందే మన గుట్ట మీద కందం నడిచిందన్నమాట. దీని మీద మంచి వీడియో తీయాలంటే డ్రోన్ పనికిరాదు. పొద్దున ఏటవాలు ఎండలో, అక్షరాల గాడిలో నీడ పడే ఆ కాసేపట్లో బండకు దగ్గరగా కూర్చోవాలి. మిట్టమధ్యాహ్నం పోతే బండ తప్ప ఏమీ కనపడదు.

ధర్మపురి దాటి గోదావరి ఒడ్డున కోటిలింగాల ఇంకో చోటు. శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు, అంతకు ముందటి గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల నాణేలు దొరికిన నేల. వీటిని వెలుగులోకి తెచ్చిందెవరో తెలుసా? తపాలా శాఖలో పనిచేసిన సంగనభట్ల నరహరిశర్మ. వానలు పడి మట్టి కొట్టుకుపోయినప్పుడు పైకి తేలిన నాణేలను ఊరివాళ్ల దగ్గర సేకరించి, పరబ్రహ్మశాస్త్రి లాంటి చరిత్రకారుల ముందు పెట్టాడు. చరిత్ర ప్రొఫెసర్ ఉద్యోగం లేకుండానే చరిత్ర కనిపెట్టిన మనిషి. చేతిలో ఫోన్ ఉన్న ప్రతి కుర్రాడికీ ఆయన కథ తెలియాలి. ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లు ఆ నేలను ముంచెత్తుతున్నాయి కాబట్టి తీయదలచుకున్నవాళ్లు నీళ్లు తగ్గిన నెలలు చూసుకోవాలి.

వేములవాడ పక్కన హనుమాజీపేట అని ఇంకో ఊరుంది. 1988 జ్ఞానపీఠం అందుకున్న కవి సినారె పుట్టింది అక్కడే, ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములుదీ అదే ఊరు. ఒకరిది అచ్చులో నిలిచిన మాట, మరొకరిది రాత్రంతా డోలు, తాళాల మోత మీద నడిచే మాట. ఊరు ఒక్కటే. ఇద్దరినీ కలిపి చూపించే వీడియో ఒకటి రావాలని నా కోరిక.

ఇక కరీంనగర్ వెండి తీగ పని. ఫిలిగ్రీ అంటే అందరికీ తెలుస్తుంది. 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ పని చేసే గదిలో మొదట కనిపించేది చిన్న మంట. వెండిని కరిగించి కడ్డీ చేసి, చిల్లుల పలకలోంచి ఒక చిల్లు తర్వాత ఇంకా చిన్న చిల్లులోకి లాగుతూ పోతారు. చివరికి వెంట్రుకంత తీగ. అట్లాంటి రెండు తీగలను పురిపెట్టి, నొక్కి చదును చేస్తే అంచు వెంట పంటి గుర్తుల్లాంటి సన్నని గాట్లు వస్తాయి. ఫిలిగ్రీ మెరుపంతా ఆ గాట్లలోదే. నున్నని తీగ మీద వెలుతురు ఒక్కచోట పడితే, గాట్లున్న తీగ మీద నూరు చోట్ల పడుతుంది. తర్వాత చిమ్టాతో ఆ తీగను ఆకులుగా, సున్నాలుగా, తొండం చుట్టలుగా వంచి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో ఒక్కొక్కటే కూరుస్తారు. వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదుతారు. ఊదడం ఒక రవ్వ ఎక్కువైతే అతుకు బదులు తీగే కరిగిపోతుంది. పన్నీరు బుడ్డి, గంధం గిన్నె, తాంబూలం పెట్టె చేయడానికి రోజులు పడతాయి. రీలుకు నిమిషం చాలు. ఆ నిమిషంలో పనివాడి చెయ్యి కనిపించాలి. చాలా వీడియోల్లో పెట్టె కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది, చెయ్యి కనిపించదు.

గోదావరి దాటితే

ధర్మపురి నుంచి రాయపట్నం వంతెన ఎక్కి గోదావరి దాటితే లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ అడవి మీదుగా ఉట్నూరు. ఆ తర్వాత ఇంద్రవెల్లి. కరీంనగర్ కుర్రాళ్లకు ఇది బైకు మీద పోయే టూరు దారి. వానాకాలంలో పచ్చదనం కళ్లు కడిగేస్తుంది, సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఫోన్ బ్యాటరీ మిగులుతుంది.

ఇంద్రవెల్లి సోమవారం అంగడిలో కెమెరా తీయాలనిపించని మనిషి ఉండడు. తెల్ల తలపాగాల గోండు పెద్దలు, కొలాముల వెదురు బుట్టలు, లంబాడా ఆడవాళ్ల అద్దాల రవికెలు, మరాఠీ బేరాలు. కానీ ఇదే అంగడికి ఇంకో సోమవారం గుర్తుంది. 1981 ఏప్రిల్ 20. భూముల కోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది చనిపోయారు. జనం లెక్క అంతకంటే చాలా ఎక్కువ. వాళ్ల గుర్తుగా కట్టిన స్తూపం రోడ్డు పక్కనే ఉంది. కూరగాయల రంగులు తీసి, స్తూపం దగ్గర బండి ఆపకుండా పోయే ట్రావెల్ వీడియోలు లెక్కలేనన్ని చూశాను. అంగడిని తీయొద్దని ఎవరూ అనరు, సగం తీసి వదిలేయడం మాత్రం అన్యాయం.

ఇంద్రవెల్లి మండలంలోనే కేస్లాపూర్. పుష్య అమావాస్య రాత్రి నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు చెప్పులు లేకుండా నడిచి జన్నారం మండలం హస్తిన మడుగు దాకా పోయి, ఝారీలో గోదావరి నీళ్లు తెచ్చి, ఊరి మర్రిచెట్ల కింద బస చేస్తారు. కొత్త కుండలు సిరికొండ నుంచి వస్తాయి. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి చూపించే భేటింగ్ జరుగుతుంది. అప్పటిదాకా ఆ కోడలు నాగోబా ముందుకు రాకూడదు. తల మీద తెల్ల చీర కొంగు కప్పుకుని వరుసగా వచ్చే ఆ అమ్మాయిలు దేవుడి ముందుకు వస్తున్నారు, మన లెన్సు ముందుకు కాదు. ఇది చాలామందికి అర్థం కావడం లేదు. దగ్గరికి జూమ్ చేసి, కింద బుల్లెట్టు బండి లాంటి పాట తగిలించి వదులుతున్నారు.

దీపావళికి ముందు సాగే దండారీ పండుగలో గుస్సాడీ సంగతీ ఇంతే. నెమలి ఈకల కిరీటం, దాని కింద మేక కొమ్ములు, ఒంటి నిండా బూడిద, మెడలో గవ్వల పేర్లు, భుజాన జింక తోలు, చేతిలో కర్ర. కిరీటం ఒక్కటే చూడండి. వందల ఈకల కాడలను ఒక్కచోట బిగించి, ఆడుతున్నప్పుడు కళ్లన్నీ ఒకేసారి వణికేటట్టు కట్టాలి. అది ఇంట్లో ఊరికే వేలాడదీసుకునే వస్తువు కాదు, పూజ చేసి తీసేది. గుస్సాడీ వేషం కట్టినవాడు దండారీ అయ్యేదాకా దీక్షలో ఉంటాడు, స్నానం చేయడు, దేవుడు పూనినవాడితో సమానం. ఊరు నుంచి ఊరికి పోతారు, అతిథులకు కాళ్లు కడిగి అన్నం పెడతారు, సంబంధాలు కలుస్తాయి. మనకు రీలులో కనిపించేది మాత్రం పదిహేను సెకన్ల ఆట. రాజకీయ నాయకుల స్వాగతాలకు, రిబ్బన్ కటింగులకు గుస్సాడీలను నిలబెట్టడం ఈ పదిహేను సెకన్ల చూపుకు అన్న లాంటిది.

ఈ ఆటను బయటి ప్రపంచానికి చూపించిన మనిషి మర్లవాయి కనకరాజు. జైనూరు మండలం మర్లవాయిలో ఉంటూ ఏళ్ల తరబడి పిల్లలకు గుస్సాడీ నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దండారీ రోజుల్లోనే వెళ్లిపోయాడు.

కెమెరా కూడా ఈ కొండలకు కొత్తేమీ కాదు, మర్లవాయికి అసలే కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు బుద్ధి పుట్టింది. ఆ పని మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా మనిషి. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు, టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు, భూములకు పట్టాలు ఇప్పించే పనిలో పడ్డాడు. నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల గోడు వినే దర్బారు ఆ 1940ల్లోనే మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఆయన తీసిన పదహారు మిల్లీమీటర్ల ఫిల్ములు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మర్లవాయిలో ఉంది. జనవరిలో ఊరంతా కూడి నివాళి పెడతారు.

హైమెన్‌డార్ఫ్‌ను దేవుణ్ని చేయాలని కాదు. ఆయనా బయటివాడే, సర్కారు పంపితే వచ్చినవాడే. కానీ తీసే ముందు ఉన్నాడు. భాష నేర్చుకుని, ఇంటి ముందు కూర్చుని, ఆ తర్వాత కెమెరా తిప్పాడు. లంబాడిపల్లె గెలుపు రహస్యమూ ఒక రకంగా ఇదే. అక్కడ తీసేవాడూ ఊరివాడే, నటించేదీ ఊరివాళ్లే, చూసి తప్పు పట్టేదీ ఊరివాళ్లే. రేపు పొద్దున అదే చాయ్ హోటల్‌కు పోవాలి కాబట్టి ఎవరి పరువూ తీయడానికి వీలుండదు. కేస్లాపూర్‌కు ఒక్కపూట కోసం పోయినవాడికి ఆ భయం లేదు. వీడియో నాణ్యతలో తేడా అంతా ఈ భయం దగ్గరే వస్తుంది.

మంచి సంగతేమిటంటే ఇప్పుడు గోండు కుర్రాళ్లే కెమెరా పట్టారు. గోండి పాటలు, గోండి హాస్యం, దండారీ దగ్గరి నుంచి నేరుగా వచ్చే వీడియోలు యూట్యూబ్‌లో కనిపిస్తున్నాయి. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం నుంచి గోండి మాట విని పెరిగిన ఇళ్ల పిల్లలు వీళ్లు. నార్నూరు మండలం గుంజాలలో బయటపడిన పాత రాతప్రతుల లిపిని పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు పట్టుబట్టి వెలుగులోకి తెచ్చారు. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఇవాళ ఒక గోండు పిల్ల తన వీడియో పేరును తన లిపిలో టైపు చేయగలదు. కొద్దిమంది పెద్దలకు మాత్రమే చదవడం వచ్చిన అక్షరాలు ఫోన్‌లోకి వచ్చాయి. వాటిని వాడే చానళ్లు ఎన్ని పెరుగుతాయో వచ్చే కొన్నేళ్లలో తేలుతుంది.

ఆదిలాబాద్‌లో తీసేందుకు ఇంకా చాలా ఉంది. ఓజాల ఇత్తడి పోత, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన డోక్రా. నిర్మల్‌లో పొణికి చెక్కను చింతగింజల జిగురుతో అతికించి బొమ్మలు చేసే నకాషీలు. ప్రధానుల కథాగానం, తోటీల కిక్రి వాద్యం. వీటిలో ప్రతిదానికీ ఒక వారం పెట్టాలి, రీలు ఒక్కటే వచ్చినా సరే. వారమంతా ఉండి ఒక్క రీలు తీయడం నష్టమని లెక్క వేసేవాళ్లు ఈ పని వదిలి పెళ్లిళ్లు తీసుకోవచ్చు. అందులో డబ్బూ ఎక్కువే, ఎవరినీ నొప్పించే పనీ లేదు.

కాబట్టి ఈసారి పుష్య అమావాస్యకు కేస్లాపూర్ పోయే వీడియో మిత్రులకు ఒక మనవి. ముందు రోజే చేరండి. మెస్రం పెద్దలను కలిసి ‘రామ్ రామ్’ చెప్పి, ఏది తీయొచ్చు, ఏది తీయొద్దో అడగండి. వద్దన్న చోట ఫోన్ జేబులో పెట్టండి. వీడియో కింద ‘ట్రైబల్ డాన్స్’ అని రాసి చేతులు దులుపుకోకండి. ఊరి పేరు, మండలం పేరు, ఆ మనుషులు తమను తాము ఏమని పిలుచుకుంటారో ఆ పేరు రాయండి. చూసేవాళ్లు కూడా ఊరి పేరు లేని వీడియోను పంచేముందు ఇది ఎక్కడిదని కామెంట్లో ఒక్కసారి అడగండి.